నాయనమ్మ మాటకు నా తర్జుమా

మొన్న ఆదివారం మిరియం వచ్చి వెళ్ళింది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, ఫిలడెల్ఫియా నుంచి తానే కారు నడుపుకుంటూ ప్లెయిన్స్‌బరోలోని మా అపార్ట్‌మెంట్‌కు వచ్చింది. రెండంతస్తుల మెట్లెక్కి, గుమ్మం దగ్గర కాసేపు ఆయాసం తీర్చుకుని, ఆ తరవాతే నన్ను పలకరించింది. మేం ఒకరినొకరం చూసుకుని నలభై ఏళ్లు దాటింది. ఏటా ఒక గ్రీటింగ్ కార్డు, దాని మీద నాలుగు వాక్యాలు, అంతే మా స్నేహం. మిషిగన్‌లోని ట్రాయ్‌లో మేమున్నప్పుడు మా పక్కింట్లో ఉండే ఆడ్లర్ గారికి ఈమె ఒక్కతే కూతురు. ఒంట్లో ఓపిక ఉండగానే ఒక మాట అడిగి పోదామని వచ్చానంది. టీ చేతికి ఇస్తుండగానే అడిగేసింది కూడా. "నాన్న పోయే ముందు మీ నాయనమ్మ హాస్పిటల్‌కి వచ్చింది. చాలాసేపు మాట్లాడిందట. నేనప్పుడు కింద డాక్టర్ కోసం కాచుకుని ఉన్నాను. ఎస్తేర్, ఆ రోజు ఆవిడ ఏం చెప్పింది? తర్జుమా చేసింది నువ్వే కదా."

ఈ ప్రశ్న ఎప్పటికైనా ఎవరో ఒకరు అడుగుతారని యాభై ఏళ్లుగా నాకు తెలుసు. తీరా అడిగేసరికి పెద్ద అలసట ఒకటి వచ్చి మీద కూర్చుంది. ముప్పై ఏళ్లు ఆసుపత్రుల్లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేసి రిటైరయ్యాను. పిల్లల దగ్గర ఆరు నెలలుండి పోదామని వచ్చి గుండె నొప్పితో అడ్మిట్ అయిన పెద్దవాళ్ళకూ, వాళ్ళ మాట ఒక్క ముక్క అర్థంకాని డాక్టర్లకూ మధ్య కుర్చీ వేసుకుని కూర్చోవడమే నా బతుకు. చెప్పింది చెప్పినట్టు చెప్పాలి, కలపకూడదు, తీసెయ్యకూడదు, మెత్తబరచకూడదు, అది ఆ పనికి మొదటి నియమం. ఇంకా ఎంతకాలం బతుకుతానని ముసలాయన అడిగితే అలాగే అడిగాను, మూడు నెలలని డాక్టర్ అంటే అలాగే చెప్పాను. అంత కటువుగా చెప్పాలా అంటూ కొడుకులూ కోడళ్ళూ నా మీద విసుక్కున్నా నియమం తప్పలేదు. తప్పాల్సింది పదిహేనో ఏటే తప్పేశాను మరి.

మా అమ్మ నర్సు. ఆమె ఉద్యోగం పుణ్యాన నా పన్నెండో ఏట మేమంతా అమెరికా వచ్చాం. నాన్నకు కార్ల కంపెనీలో పని దొరికింది. ఇల్లు చూసుకోవడానికి బాపట్ల దగ్గరి పల్లె నుంచి నాయనమ్మను రప్పించారు. పేరు మరియమ్మ. పాస్టరు గారి భార్య. తాతయ్య పోయినా అక్కడి వాళ్ళకు ఆమె చివరిదాకా పాస్టరమ్మ గారే. పెళ్ళయ్యాక తాతయ్యే బైబిలు ముందు పెట్టుకుని ఆమెకు అక్షరాలు నేర్పాడట, అందుకని చదివితే పొలం అవతలికి వినపడేలా చదివేది. చిన్నగా చదివితే చదివినట్టు ఉండదనేది. బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం ఉండేది. పొద్దున్నే ఎలక్ట్రిక్ పొయ్యి మీద పప్పుకు తిరగమోత వేసి, పొగకు ఫైర్ అలారం మోగితే, తుండుగుడ్డ పుచ్చుకుని దాని కింద నిలబడి విసురుతూ కీర్తన పాడేది. ఆ అలారం మోతా, ఆ పాటా, మాడిన ఎండుమిరపకాయల ఘాటూ, ఇవన్నీ కలిస్తేనే నాకు ట్రాయ్ గుర్తొస్తుంది. మంచు గిడ్డంగిలా ఉండే ఆ ఊళ్ళో మా ఇల్లొక్కటే వేడిగా ఉండేదేమో అనిపిస్తుంది ఇప్పుడు.

పక్కింటి ఆడ్లర్ గారు చరిత్ర చెప్పే స్కూలు టీచరుగా రిటైరైన మనిషి. యూదుడు. భార్య పోయింది, మిరియం వేరే ఊళ్ళో ఉద్యోగం చేసేది. తాను వచ్చిన రెండో వారమే నాయనమ్మ కోడికూర వండి, గిన్నె నాచేత పట్టించుకుని ఆయన గుమ్మానికి పోయింది. ఆయన చాలా మర్యాదగా, నేను తినకూడదండీ అన్నాడు. అంతే, గిన్నె వెనక్కి తెచ్చి నాయనమ్మ మంచమెక్కింది. మా వాళ్ళ చేతి నీళ్లు ముట్టని ఇళ్ల పక్కన పుట్టి పెరిగిన మనిషి ఆమె. "సముద్రాలు దాటొచ్చినా మన చెయ్యి తగిలింది తిననోళ్ళు ఉండనే ఉన్నారే," అని మూడు రోజులు మాట్లాడలేదు. నాన్న వెళ్ళి కనుక్కుని వచ్చాడు. కోసే పద్ధతి నుంచి వండే గిన్నె దాకా మాంసం విషయంలో ఆయనకు చాలా కట్టుబాట్లున్నాయి, తన సొంత తమ్ముడి ఇంట్లో కూడా తినడు, గాజు గ్లాసులో పాలు లేని టీ అయితే తాగుతాడు అని. నాయనమ్మ ఆ సాయంత్రమే నాన్నను షాపుకు తరిమి గాజు గ్లాసులు తెప్పించింది. ఇక రోజూ నాలుగు గంటలకు, నేను స్కూలు నుంచి వచ్చే వేళకు, ఆయన మా వంటగది టేబుల్ ముందు ఉండేవాడు. మధ్యలో నేను, తర్జుమాకి.

మొదటి రోజే పెద్ద పొరపాటు జరిగింది. టీ ముందు పెట్టి నాయనమ్మ కళ్ళు మూసుకుని, తన పొలం గొంతుతో "యెహోవా దేవా!" అని ప్రార్థన ఎత్తుకుంది. తెలుగు బైబిల్లో ఆ పేరు పేజీకి పదిసార్లు ఉంటుంది, మాకు అది అన్నం అన్నంత మామూలు మాట. ఆడ్లర్ గారు గ్లాసు కింద పెట్టేశాడు. ఆయన ముఖం చూసి నాకు భయమేసింది. ప్రార్థన అయ్యాక నెమ్మదిగా చెప్పాడు. ఆ పేరు మా వాళ్ళు పలకరమ్మా, వెనకటికి గుడి ఉన్న రోజుల్లో ప్రధాన యాజకుడు ఒక్కడే, ఏడాదికి ఒక్క పండగనాడే పలికేవాడు, గుడి పోయాక అదీ లేదు, ఇప్పుడు దాన్ని సరిగా ఎలా పలకాలో కూడా ఎవరికీ తెలియదు. నేను చెప్పింది విని నాయనమ్మ నోరు తెరిచింది. "మరి పేరు పెట్టి పిలవకపోతే, పిలిచేది తన్నేనని ఆయనకెట్టా తెలుస్తదంట?" నేనింకా ఆ ప్రశ్నను ఇంగ్లీషులోకి మార్చుకునే లోపే నోటి మీద చెయ్యేసుకుంది. "ఓరి నా మతిమండా. మీ తాతను నేనెప్పుడన్నా పేరు పెట్టి పిలిచానా? జనాభా లెక్కలోళ్ళొచ్చి ఇంటాయన పేరు అడిగితే పక్కింటామె చేత చెప్పించానే! భయపడి కాదు. ఆ పేరు నా నోట్లో పడి అరిగిపోగూడదని. ఈయన చెప్పేదీ అదే, చెప్పు, నాకు తెలిసిందని చెప్పు." చెప్పాను. ఆడ్లర్ గారు చాలాసేపు నవ్వాడు, తరవాత కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నలభై ఏళ్లు పాఠం చెప్పినా ఈ సంగతి ఇంత తొందరగా ఎవరికీ అర్థం కాలేదన్నాడు. ఆ రోజు నుంచి ఆయన ఎదుట నాయనమ్మ దేవుణ్ణి "ఆయన" అనే అనేది, తాతయ్యను అన్నట్టే.

అలా మూడేళ్లు నడిచింది. ఇద్దరికీ తెలిసిన కథలు అవే. అబ్రాహాము, యాకోబు, మోషే అందరూ మా వంటింటి టేబుల్ మీదికి వచ్చేవాళ్ళు. నాయనమ్మ లెక్కలో దేవుడు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక్కలాగే ఉంటాడు. ఆడ్లర్ గారు ఒప్పుకునేవాడు కాదు. పాత కథల్లో చూడు, ఆయన చల్లపూట తోటలో నడుస్తాడు, మనిషి ఎక్కడ దాక్కున్నాడో వెతుక్కుంటాడు, మనుషుల్ని చేసినందుకు నొచ్చుకుంటాడు, రాత్రంతా యాకోబుతో కుస్తీ పడతాడు అనేవాడు. ఆ రోజుల్లో వేరే దేవుళ్ళు లేరని కూడా అనలేదు, వాళ్ళ దగ్గరికి పోవద్దని మాత్రమే అన్నాడు, ఒక జాతికి, ఒక నేలకు దేవుడు. నాయనమ్మ వెంటనే, "మా పోలేరమ్మ లాగా, పొలిమేర దాటదన్నమాట," అంది. అచ్చం అంతేనన్నాడాయన. తరవాత శత్రువులు ఊరు తగలబెట్టి, గుడి కూల్చి, జనాన్ని బబులోనుకు ఈడ్చుకుపోయారు. అక్కడ కూర్చుని ఏడుస్తూ రెండే దారులు చూశారు, మన దేవుడు ఓడిపోయాడనుకోవాలి, లేదా ఇక్కడ కూడా ఉన్నది ఆయనే, ఎక్కడైనా ఉన్నది ఆయనొక్కడే అనుకోవాలి. దేవుడొక్కడేనని కనిపెట్టింది గెలిచినవాళ్ళు కాదు, ఓడిపోయినవాళ్ళు, అనేవాడు. నాయనమ్మకు ఆ మాట మింగుడుపడేది కాదు. "కనిపెట్టడమేంది? ఆయన మొదట్నించీ చెప్తానే ఉన్నాడు. వీళ్ళ చెవుల్లో పడేసరికి అన్నేళ్లు పట్టింది." నేనది ఇంగ్లీషులో చెప్తే ఆడ్లర్ గారు టేబుల్ మీద చరిచి, ఇది మంచి దెబ్బ అనేవాడు.

సాయంత్రం నాన్నను ఆఫీసు నుంచి తన కార్లో దింపే రహీం అంకుల్ కూడా ఒక్కోసారి ఆగేవాడు. కడప మనిషి, నాయనమ్మతో నేరుగా తెలుగులో వాదించగల ఒకే ఒక్కడు. ఆయన కోడికీ కట్టుబాట్లున్నాయని తెలిసినప్పుడు నాయనమ్మ, ఉన్నది ఒక్క దేవుడంటిరి, ముగ్గురికీ మూడు వంటిళ్లు పెట్టాడేందని నవ్వింది. యేసు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ముగ్గురూ మూడు మూలలకు పోయేవారు. అంత పెద్ద దేవుడు వడ్రంగి ఇంట పసిబిడ్డగా పుట్టడమే నాయనమ్మకు మొత్తం సంగతి. పాలేళ్ళ ఇళ్లల్లోకి, అంటరానివాళ్ళని అందరూ దూరం పెట్టిన గుడిసెల్లోకి నడిచొచ్చిన దేవుడు ఆయనొక్కడేనని చెప్పేది. ఆడ్లర్ గారు ఆలోచించి, అయితే మీరు మళ్ళీ తోటలో నడిచే ఆ పాత దేవుణ్ణే తెచ్చుకున్నారు, మేం అంత కష్టపడి పైకి పంపిస్తే, అన్నాడు. తండ్రీ కొడుకూ వేరువేరుగా ఉండి ఒక్కడే ఎలా అవుతారో తేల్చుకోవడానికి మీ బిషప్పులకు కొన్ని వందల ఏళ్లు పట్టింది తెలుసా అని పొడిచేవాడు. "తెలవకేం? పాస్టరు చదువులో ఆ పాఠం దగ్గరే మీ తాత రెండుసార్లు తప్పాడు," అని నాయనమ్మ నాతో అనేది. రహీం అంకుల్ తల అడ్డంగా ఊపేవాడు. "పెండ్లిండ్లు, బిడ్డలు మనకమ్మా. ఆయనకేంటికి? ఆయనకు సమానం యాడా ఏదీ ల్యా." అలాగని తమలో వాదాలు లేవనేవాడు కాదు. గ్రంథంలో దేవుడి చెయ్యి, దేవుడి సింహాసనం అని ఉన్న చోట అది నిజంగా చెయ్యేనా అని పెద్ద పెద్ద పండితులు తగవులాడారనీ, ఎట్లా అని అడక్కుండా నమ్మమని కొందరన్నారనీ చెప్పాడు. గట్టిగా మాట్లాడుకునేవాళ్ళు. టీ చల్లారిపోయేది. మర్నాడు నాలుగింటికి మళ్ళీ వచ్చేవాళ్ళు.

ఇప్పుడు మా టౌన్‌షిప్‌లో ఏడాదికోసారి అన్ని మతాల వాళ్ళూ కలిసి భోంచేసే కార్యక్రమం పెడతారు. చొక్కాలకు పేర్ల స్టిక్కర్లు అంటించుకుని, దేవుళ్ళందరూ ఒక్కటేనని ముగ్గురు మైకులో చెప్పి, సమోసాలు తిని ఇళ్లకు పోతాం. ఎవరి దేవుడి గురించీ ఎవరూ ఒక్క ప్రశ్న అడగరు. ఇంటికొచ్చి ఫోన్ తీస్తే అదే మనుషులు గ్రూపుల్లో ఒకరి దేవుణ్ణి ఒకరు తిట్టుకునే వీడియోలు పంపుకుంటుంటారు. ఎదురుగా ఉంటే మర్యాద, ఎదుట లేకపోతే విషం. నాకు రెండూ విసుగే. మా వంటింట్లో ఈ రెండూ లేవు అని గర్వంగా అనుకుంటూ ఉంటాను. కానీ ఆ మర్యాదను ఆ మనుషుల మధ్యకు మొదట తెచ్చింది నేనే.

మూడో ఏడు చలికాలంలో ఆడ్లర్ గారికి జబ్బు చేసింది, లివర్ క్యాన్సర్. ఎక్కువ రోజులు లేవని అమ్మే చెప్పింది. అది విన్నప్పటి నుంచి నాయనమ్మకు నిద్ర, తిండి పోయాయి. బాధ ఒక్కటే కాదు. ఆమె నమ్మకం ప్రకారం యేసును ఒప్పుకోకుండా పోయిన మనిషి నశించిపోతాడు. ఊళ్ళో ఎవరెవరికో చెప్పింది, ఈయనకు మూడేళ్లలో ఒక్కసారీ నేరుగా చెప్పలేదు. వాదించింది, నవ్వింది, కానీ మీరు రండి అని పిలవలేదు. "నీకేం తెలుసే," అంది నన్ను కూర్చోబెట్టుకుని. "మీ తాత ఎండలో వానలో ఊరూరా తిరిగి చెప్పాడు. పక్కింట్లో ఉన్న నా అన్నకు నేను చెప్పలేకపోతే రేపు పైకి పోయాక ఆయన మొహం నేనెట్టా చూసేది? సిగ్గుపడ్డానే. టీ మానేస్తాడేమోనని నోరు మూసుకున్నా. రేపు తీసుకుపో నన్ను. నేను చెప్పే ప్రతి మాటా చెప్పు. ఒక్కటి కూడా వదలమాక."

నాకు తెలిసినది ఒకటి నాయనమ్మకు తెలియదు. హోమ్‌వర్క్ చూపించుకోవడానికి నేనొక్కదాన్నే ఆయన ఇంటికి వెళ్ళిన ఒక రోజున, ఆయన ఐరోపాలో తాను పుట్టిన ఊరి సంగతి చెప్పాడు. యేసును నమ్ముకోమని మంచిగా చెప్పిన ఇరుగుపొరుగువాళ్ళే, కొన్నేళ్లకు, యూదుడన్న నేరానికి సైనికులు తన అన్నను బండెక్కిస్తుంటే కిటికీ తెరలు వేసుకున్నారట. అంతకుమించి చెప్పలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు. చావబోయే ఆ మనిషికి మళ్ళీ అదే మాట, అదీ నా నోటితో, చెప్పడమంటే నాకు దారుణంగా తోచింది.

మర్నాడు మధ్యాహ్నం రహీం అంకుల్ మమ్మల్ని తన కార్లో తీసుకెళ్ళాడు. గదిలో ఆడ్లర్ గారు దిండుకు ఆనుకుని, పచ్చబడిపోయి ఉన్నాడు. నాయనమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది, అంతకుముందెప్పుడూ పట్టుకోలేదు. పది నిమిషాలు ఆపకుండా మాట్లాడింది. అన్నా, మీ కథలు మీ వాళ్ళ దగ్గర్నించే మాకొచ్చినై, మీ ఇంటి ఎంగిలి తిని బతికినోళ్ళం మేము, కానీ ఆ కథకు కొస మీరు చదవలేదు, నేను పోయే చోట మీరు లేకపోతే అక్కడ నాకు మాట్లాడే దిక్కు ఉండదు, రండి అన్నా, ఒక్కసారి సరే అనండి అంది. ఏడ్చింది. తరవాత నావైపు తిరిగి, "చెప్పు," అంది.

"త్వరగా కోలుకోవాలని ప్రార్థన చేస్తోందట. నాలుగింటి టీ వేళకు మీరు లేక బోసిగా ఉందట," అన్నాను ఇంగ్లీషులో.

ఆయన నన్ను చూశాడు. "ఇంతసేపు మాట్లాడింది ఇంతేనా?"

"తెలుగులో మాటలు పొడుగు," అన్నాను.

ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, "నేను వింటున్నానని చెప్పు ఆవిడతో," అన్నాడు. నేను నాయనమ్మ వైపు తిరిగి, "సరేనన్నారు," అని చెప్పాను. అబద్ధం మొదటిసారి కొంచెం బరువనిపించింది, రెండోసారి అదీ లేదు. నాయనమ్మ ఆయన చేతిని కళ్ళకద్దుకుంది. గుమ్మం దగ్గర నిలబడి ఉన్న రహీం అంకుల్‌కు రెండు భాషలూ వచ్చని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

కార్లో నాయనమ్మ వెనక సీట్లో స్తోత్రాలు చెప్పుకుంటూ ఉండిపోయింది. మమ్మల్ని ఇంటి దగ్గర దింపాక అంకుల్ నన్నొక్కదాన్నే ఆపాడు. "పాపా, మా దగ్గర ప్రవక్తంటే ఎవరనుకున్యావ్? గొప్ప మనిషని కాదు. చెప్పమనింది చెప్పినట్ల చెప్పేటోడు. విన్నోళ్ళు కొట్టినా, తిట్టినా అంతే. మద్దెన నిలబడినాక అది మనకు నచ్చే మాటా కాదా అని చూసుకునే పని లేదు." నేను ఏడుస్తూ, ఆయన బాధపడేవాడు అన్నాను. "పడుంటాడేమో. ఆ బాధ ఆయప్పది గదా, నువ్వెందుకు తీసుకుంటివి?" అన్నాడు. నాయనమ్మకు మాత్రం అంకుల్ ఎప్పుడూ చెప్పలేదు. నాలుగు రోజులకు ఆడ్లర్ గారు పోయాడు. తెలుగువాళ్ళ ఆరాధనలో నాయనమ్మ నిలబడి సాక్ష్యం చెప్పింది, తన అన్న చివరి గడియలో సరేనన్నాడని. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ సాక్ష్యం మరో పన్నెండేళ్లు, తాను పోయేదాకా చెప్తూనే ఉంది. ప్రతిసారీ నన్ను పక్కన నిలబెట్టుకునేది.

ఇదంతా మిరియంకు చెప్పడానికి గంట పట్టింది. ఆమె టీ తాగలేదు. కోప్పడుతుందనుకున్నాను, పడలేదు. గ్లాసు పక్కకు జరిపి, "అయితే ఆవిడ పిలిచిందన్నమాట," అంది.

"పిలిచింది."

"ఆ సాయంత్రం నేను పైకి వెళ్ళేసరికి నాన్న గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. ఆ వారమంతా అందరూ తనతో మెత్తగా మాట్లాడుతున్నారని, ఎవరూ ఎదురు చెప్పడం లేదని విసుక్కునేవారు. మీ నాయనమ్మ, ఆయన పిలిచే మిసెస్ మేరీ, వస్తోందని తెలిసి పొద్దున్నే గడ్డం గీయించుకున్నారు, కళ్ళద్దాలు తెమ్మన్నారు. నన్ను మార్చడానికే వస్తోంది, నా దగ్గర జవాబులున్నాయి అని నర్సులతో కూడా చెప్పారు. తీరా సాయంత్రం, 'మూడేళ్లు నాకు టీ పోసింది, ఒక్కసారైనా తన స్వర్గానికి రమ్మనలేదు. నేను అక్కడికి పనికిరాననుకుందేమో,' అన్నారు. ఆ తరవాత పెద్దగా మాట్లాడలేదు. ఆవిడ నిజంగానే అలా అనుకుందేమో కనుక్కుందామనే వచ్చాను."

ఆయన్ను కాపాడుతున్నానని యాభై ఏళ్లు అనుకున్నాను. గుమ్మంలో నిలబడి కోడికూర గిన్నెతో వెనక్కి తిరిగిన రోజు నాయనమ్మకు ఏమనిపించిందో, సరిగ్గా అదే నేను ఆయనకు అనిపించేలా చేశాను.

"ఆవిడ అన్న మాటలు గుర్తున్నాయా నీకు?" అని అడిగింది మిరియం.

ఒక్కటీ మరిచిపోలేదు. నాయనమ్మ అన్నట్టే, అన్నా అన్న పిలుపు దగ్గర్నించి, ఎంగిలి దగ్గర్నించి, కథకు కొస చదవలేదన్న ఎత్తిపొడుపు దగ్గర్నించి, ఏదీ మెత్తబరచకుండా మొత్తం ఇంగ్లీషులో చెప్పాను. అక్కడ నాకు మాట్లాడే దిక్కు ఉండదు అన్న మాటను రెండుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది. చివరిదాకా చెప్పాను.

"ఒప్పుకునేవారు కాదు నాన్న," అంది మిరియం కళ్ళు తుడుచుకుంటూ. "వారం రోజులు పోట్లాడేవారు."

"ఆయనకున్నది నాలుగు రోజులే," అన్నాను.

"ఆ నాలుగు రోజులూ పోట్లాడేవారు," అంది.